పిట్టల సీజన్ వచ్చేసింది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆశ్వయుజం వచ్చిందంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో పక్షుల ఫొటోలవే ఎక్కువ. ఎందుకుండవు మరి, చెరువులు నిండి ఉంటాయి, ఆకాశం కడిగినట్టుంటుంది, హిమాలయాల అవతల నుంచి కూడా పిట్టలు మన పొలాల్లోకి దిగుతుంటాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువమందికి పనికొస్తాయనుకున్నవి తీసుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరాను సార్, యాభై వేల దాకా పెట్టగలను. యూట్యూబ్‌లో చూస్తే దూరంగా ఉన్నదాన్ని బాగా దగ్గరగా చూపించే 600 ఎంఎం లెన్స్ లేకపోతే పక్షుల జోలికే పోవద్దంటున్నారు. నిజమేనా? ఏం కొనమంటారు?
– ఓ పాఠకుడు, గుంటూరు

తమ్ముడూ, ఎంత లెన్స్ కావాలనేది ఏ పక్షిని ఎక్కడ తీస్తున్నావనే దాన్ని బట్టి ఉంటుంది. నువ్వుండేది గుంటూరులో, ఉప్పలపాడు పక్కనే ఉంది, అక్కడ ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు కిక్కిరిసి ఉంటాయి, ఊరి జనం వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు కాబట్టి మనుషులంటే పెద్దగా బెదరవు కూడా. అలాంటి చోట 70-300 లెన్స్ బ్రహ్మాండంగా సరిపోతుంది. క్రాప్ సెన్సర్ కెమెరాకి, అంటే ఫొటో పడే సెన్సర్ కాస్త చిన్నగా ఉండేదానికి, తగిలిస్తే ఆ 300 కాస్తా 450 అంత దగ్గరగా చూపిస్తుంది.

నన్నడిగితే సెకండ్ హ్యాండ్‌లో మంచి క్రాప్ సెన్సర్ డీఎస్ఎల్ఆర్ బాడీ, దానికో 70-300 చూస్కో. కొనేముందు లెన్స్‌లోకి ఒక వైపు నుంచి టార్చి వేసి ఇంకో వైపు నుంచి చూడు, సాలెగూడులాగా సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఆటోఫోకస్ దగ్గరి వస్తువు మీద ఒకసారి, దూరంగా ఉన్నదాని మీద ఒకసారి పట్టించి చూడు, షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో అడుగు.

నికాన్ పీ900 లాంటి, లెన్స్ మార్చే పని లేని బ్రిడ్జ్ కెమెరాలున్నాయి కదా అని కొందరంటారు. 83 రెట్ల జూమ్, 2000 ఎంఎం దాకా పోతుంది, ఎండ బాగా ఉండి పిట్ట కదలకుండా కూర్చుంటే మంచి ఫొటోలే వస్తాయి. కానీ సెన్సర్ చిన్నది, తెల్లారుజామున, సాయంత్రం చీకటిపడే వేళ ఫొటో గరుకుగా వచ్చేస్తుంది, ఎగిరే పక్షి మీద ఫోకస్ నిలవదు. పక్షులు చురుగ్గా ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే. బడ్జెట్ మొత్తం కెమెరాకే పెట్టకుండా ఓ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే, ముందు అద్దం 42 ఎంఎం ఉండే) బైనాక్యులర్‌కి కొంచెం మిగుల్చుకో. ముందు చూడ్డం వస్తేనే తర్వాత తీయడం వస్తుంది, నేను దీన్ని చాలా గట్టిగా నమ్ముతాను.

కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లామండీ. చెట్టు మీద కూర్చున్నవి బాగానే వచ్చాయి గానీ ఎగిరేవన్నీ షేక్ అయిపోయాయి. తెల్ల కొంగలైతే తెల్లటి ముద్దల్లా ఉన్నాయి, ఈకలే కనపడట్లేదు. సెట్టింగ్స్ చెప్పగలరా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

రెండూ వేర్వేరు సమస్యలండీ. మొదటిది షట్టర్ స్పీడ్. కూర్చున్న పక్షికి 1/500 (సెకనులో ఐదొందలో వంతు) చాలు, ఎగిరేదానికి కనీసం 1/2000 పెట్టండి, గూడబాతు లాంటి బరువైన పక్షికి 1/1600 అయినా నడుస్తుంది గానీ లకుముకి పిట్ట లాంటి చిన్నవాటికి 1/3200 కూడా చాలదనిపిస్తుంది. అపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 నుంచి 8 మధ్యలో ఉంచి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేయండి. ఐఎస్ఓ పెరిగితే గరుకు వస్తుందని భయపడి స్పీడ్ తగ్గించేస్తుంటారు చాలామంది, గరుకు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ఫొటోని మాత్రం ఏం చేసినా బాగుచెయ్యలేం. ఫోకస్ మోడ్ కంటిన్యువస్‌లో (కదిలే పక్షిని వదలకుండా పట్టుకునేది) ఉందో లేదో చూస్కోండి, కెనాన్ అయితే ఏఐ సర్వో అంటారు, మిగతావాటిల్లో ఏఎఫ్-సీ.

రెండోది ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుగు. కెమెరాకి తెలుపు, నలుపు అని తెలీదు, తన ముందున్నదంతా ఓ మధ్యస్థమైన బూడిద రంగనుకుని లెక్కేసుకుంటుంది. వెనకాల చీకటి చెట్లూ నల్లటి నీళ్లూ ఉండి మధ్యలో తెల్ల కొంగ ఉంటే, ఫ్రేమ్ అంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, అక్కడ కొంగ తెల్ల ముద్ద అయిపోతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 గానీ మైనస్ 1 గానీ పెట్టండి. అదే పక్షి ఆకాశంలోకి లేస్తే లెక్క తిరగబడుతుంది, వెనక వెలుగు ఎక్కువై పక్షి నల్లగా పడుతుంది, అప్పుడు ప్లస్ 1.

సెట్టింగ్స్ కంటే ముఖ్యమైంది ఇంకోటుంది, మీరు ఎక్కడ నిలబడ్డారు అనేది. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. దసరా దాటాక మన కోస్తాలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, పొద్దున ఎండ తూర్పు నుంచి వస్తుంది. అంటే పొద్దున పూట మీ వీపు తూర్పు వైపు పెట్టి నిలబడితే గాలీ ఎండా రెండూ మీ వెనక నుంచే వస్తాయి, దిగే ప్రతి పక్షీ ముఖం మీ వైపు పెట్టి, ఎండ ముఖం మీద పడుతూ, కాళ్లు ముందుకు చాపి దిగుతుంది. సాయంత్రం ఇంత కలిసిరాదు, అందుకే నేను ఎవరికైనా పొద్దునే వెళ్లమంటాను.

మేం చెన్నైలో ఉంటాం. పిల్లలకి పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో పెలికాన్లు చూపించాలి, నేను ఫొటోలు తీసుకోవాలి. దీపావళి సెలవుల్లో వెళ్తే రెండూ అవుతాయా?
– ఓ పాఠకుడు, చెన్నై

నేలపట్టు అవుతుంది, ఫ్లెమింగోల విషయంలో మాత్రం పిల్లలకి ముందే మాటివ్వకండి. ఈశాన్య రుతుపవనం వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అక్కడ గట్టిగా పడతాయి. ఆ నీళ్లతో నేలపట్టు చెరువు నిండితేనే గూడబాతులు గూళ్లు కట్టడం మొదలుపెడతాయి, నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీద కడతాయి, మార్చి దాకా అక్కడే పిల్లల్ని పెంచుతాయి. అందుకే దీపావళికి వెళ్తే కొమ్మలు విరిచి మోసుకెళ్లడం, జాగా కోసం ముక్కులు ముక్కులు కొట్టుకోవడం ఇదంతా చూడొచ్చు, నా దృష్టిలో పిల్లలున్న గూడు కంటే ఫొటోకి ఇదే బాగుంటుంది. పిల్లలకి మేత కోసం అవి పులికాట్ దాకా పోయి వస్తుంటాయి, గొంతు సంచి నింపుకుని తిరిగొచ్చేటప్పుడు గుంపులు గుంపులుగా వరస కట్టి వస్తాయి.

ఫ్లెమింగోల సంగతి వేరు. అవి మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తల తలకిందులు చేసి, బురదలో నుంచి సన్న పురుగుల్ని వడకట్టుకుని తింటాయి. వానలు జోరుగా ఉండి సరస్సు నిండుగా ఉంటే లోతు ఎక్కువై అవి దూరంగా పలచటి నీళ్లు ఉన్నచోటికి పోతాయి. నీళ్లు తీశాక, డిసెంబర్ ఆఖరి నుంచి ఫిబ్రవరి దాకా, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి అటూ ఇటూ దగ్గరగా కనిపిస్తాయి. ఆ రోడ్డు సరస్సు మధ్యలో నుంచి దాదాపు తూర్పుకి పోతుంది, చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు తీస్తే రోజంతా వెలుగు మీ వెనక నుంచే ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం నీళ్ల మీద ఎండ సెగకి ఫొటో అలలు అలలుగా వస్తుంది, దానికి ఏ లెన్సూ మందు కాదు, పదిలోపు ముగించండి. ఇంకోమాట, ముందు ఇస్రో కేంద్రం ఉంది, చెక్‌పోస్ట్ దాకా పోవద్దు, డ్రోన్ అన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫ్లెమింగోలన్నీ ఒకేసారి లేచిన ఫొటో పెట్టాడు. ఎలా తీశారంటే బురదలో ముందుకు నడిచి చప్పట్లు కొట్టామన్నాడు. అందరూ లైకులు కొట్టారు. నాకెందుకో మనసొప్పలేదు, నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

మీరు ఆలోచించిందే కరెక్టు. ఆ ఫొటోకి లైక్ కొట్టొద్దు, వీలైతే గ్రూపులోనే మర్యాదగా చెప్పండి, ఒకరు చెప్తే లోపల అనుకుంటున్న పదిమంది బయటికొస్తారు.

ఫ్లెమింగో కూర్చున్నచోట నుంచి కాకిలా లేవలేదు, నీళ్ల మీద కొంత దూరం పరిగెత్తి, రెక్కలు బలంగా కొట్టి లేవాలి, అదంతా తిండి తినే సమయంలోంచీ ఒంట్లో కొవ్వులోంచీ పోతుంది. ఒక్కసారి లేపితే ఏమవుతుంది అంటారు, కానీ ఆదివారం పూట ఒకళ్ల తర్వాత ఒకళ్లు వచ్చి అదే పని చేస్తే వాటికి ఆ చోట తిండే ఉండదు, వదిలేసి పోతాయి. గూళ్ల దగ్గరైతే ఇంకా ఘోరం, తల్లి లేచిందంటే ఎండకి గుడ్లు వేడెక్కుతాయి, కాకులూ గద్దలూ ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాయి. అందుకే గూటి దగ్గర తల్లి మనల్ని చూసి అరవడం, అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టిందంటే వెంటనే వెనక్కి వచ్చేయాలి. ఫోన్లో కూత పెట్టి పిలవడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఎగిరే గుంపు ఫొటో కావాలంటే లేపక్కర్లేదు. కాసేపు గమనించండి, తింటున్న పక్షులు ఒక్కొక్కటీ తలలు పైకెత్తి మెడలు నిటారుగా పెట్టి ఒకే వైపు నడవడం మొదలుపెడతాయి, గోల పెరుగుతుంది. అప్పుడు కెమెరా రెడీగా పెట్టుకోండి, కాసేపట్లో వాటంతటవే లేస్తాయి. రెక్క విప్పగానే లోపల దాగున్న ఎరుపు, అంచున నలుపు రెండూ బయటపడతాయి. భయంతో చెల్లాచెదురుగా లేచిన గుంపుకీ, తమ ఇష్టంతో వరసగా లేచిన గుంపుకీ ఫొటోలో తేడా స్పష్టంగా తెలుస్తుంది, చూసిన కళ్లకి తెలుస్తుంది.

నాకు కెమెరా లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. పిల్లలు, ఇల్లు, బయటికెళ్లే వీలుండదు. మా బాల్కనీలో మందార చెట్టు ఉంది, పిట్టలొస్తాయి. ఫోన్‌తో ఏమైనా చెయ్యొచ్చా?
– ఓ గృహిణి, హైదరాబాద్

చెయ్యొచ్చమ్మా, చాలా చెయ్యొచ్చు. డిజిటల్ జూమ్ మాత్రం వాడకండి, అది ఉన్న ఫొటోనే సాగదీస్తుంది. ఇంట్లో ఎవరిదైనా బైనాక్యులర్ ఉంటే దాని కంటి అద్దానికి ఫోన్ కెమెరాని ఆనించి తీయండి, మొదట్లో నల్లటి గుండ్రం తప్ప ఏం రాదు, చేతికి అలవాటయ్యాక బాగా వస్తాయి. బైనాక్యులర్ లేకపోతే ఫోన్‌ని కుండీ పక్కన నిలబెట్టి, వీడియో ఆన్ చేసి మీరు లోపలికెళ్లిపోండి. మనిషి లేకపోతే తేనెపిట్ట జానెడు దూరంలోకి వస్తుంది. తర్వాత వీడియోలోంచి ఫ్రేమ్ తీసుకోవచ్చు.

మందారానికి వచ్చే తేనెపిట్టల్లో మీకో తమాషా కనిపిస్తుంది. వేసవిలో నల్లగా నీలంగా మెరిసిపోయిన మగపిట్ట ఈ రోజుల్లో ఆ రంగు రాల్చేసుకుని ఆడపిట్టలా పచ్చగా వెలిసిపోయి ఉంటుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లగీత మిగుల్తుంది. చాలామంది దాన్ని వేరే జాతి అనుకుంటారు. గిజిగాడు కూడా అంతే, వానాకాలంలో పసుపు తలతో గూళ్లు అల్లిన మగపక్షి ఇప్పుడు చూస్తే పిచ్చుకలా ఉంటుంది. పొదల్లో ఎవరో నాలుకతో చప్పరిస్తున్నట్టు చక్, చక్ అని వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చిన అతిథి, మీ కాలనీలోనూ ఉండొచ్చు.

ఫొటో తీసిన రోజు, టైము, చెట్టు పేరు రాసి పెట్టుకోండి, లేదా చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు కూడా పని ఇదే, ఏది, ఎక్కడ, ఎప్పుడు. నవంబర్ 12 ఆయన పుట్టినరోజు, ఆ రోజు నుంచి మొదలుపెట్టండి. పిల్లల్ని ఎప్పుడైనా బయటికి తీసుకెళ్లే వీలు దొరికితే అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు దాన్ని, సిటీ పక్కనే ఇలాంటి చెరువు మిగిలుండటమే పెద్ద విషయం.

దసరాకి పాలపిట్టను చూసుడు మా దిక్కు ఆనవాయితీ. పంజరంల పెట్టి తెచ్చి చూపిస్తరు, పది ఇరవై తీస్కుంటరు. దాన్ని ఫొటో తీస్తే తప్పా? మంచి ఫొటో ఎట్ల తీయాలె?
– ఓ పాఠకుడు, వరంగల్

అన్నా, పంజరంలో ఉన్నదానికి డబ్బులూ ఇవ్వకు, ఫొటో కూడా తియ్యకు. పండక్కి ముందు వలలు వేసి పడతారు, రెక్కలకి జిగురు పూస్తారు, కాళ్లకి దారం కడతారు, తిండి ఉండదు. తర్వాత వదిలేసినా చాలావరకు ఎగరలేక చస్తాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పట్టడం నేరం. కనిపిస్తే ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యి. జమ్మికి పోయొచ్చేటప్పుడు స్వేచ్ఛగా ఎగిరే పాలపిట్ట కనపడితే శుభమని పెద్దలన్నారు, కట్టేసినదాన్ని చూస్తే ఏం శుభం చెప్పు.

చేలల్లోకి పో, కరెంటు తీగలూ స్తంభాలూ చూసుకుంటూ పో. పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ నీలం. కింద మిడతనో పురుగునో చూసి దిగుతుంది, పట్టుకుని మళ్లీ అదే చోటికో పక్క స్తంభానికో వస్తుంది. కాబట్టి వెంబడించకు, బండి ఆపి బండిలోనే కూర్చో, మనిషి దిగితే పోతుంది గానీ బండిని పట్టించుకోదు. 1/2500 పెట్టి, పక్షి చుట్టూ ఫ్రేమ్‌లో జాగా వదులు, లేకపోతే రెక్కలు బయటికి పోతాయి. చాలా పక్షులు ఎగిరే ముందు రెట్ట వేస్తాయి, ఒళ్లు ముందుకు వంచుతాయి, అది చూడగానే బటన్ నొక్కి వదలకు. నేల దగ్గరకి వాలినప్పుడు పైనుంచి రెక్కల నీలమంతా కనిపిస్తుంది, అసలు ఫొటో అది.

మేము న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. ఫాల్‌లో అందరూ ఆకుల ఫొటోలకి వెళ్తారు, నాకు పక్షులు కావాలి. వీకెండ్‌లో వెళ్లొచ్చే చోట్లు చెప్తారా?
– ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

మీకు దొరికిన అదృష్టం మామూలుది కాదమ్మా, మీ రాష్ట్రం చివర్లోనే కేప్ మే ఉంది. దక్షిణానికి పోయే డేగలు తీరం వెంబడి వచ్చి, ముందు డెలావేర్ బే నీళ్లు అడ్డం రాగానే దాటడానికి జంకి ఆ మొన దగ్గర గుమికూడతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో చలిగాలి దిగి వాయవ్యం నుంచి గాలి వీచిన మర్నాడు పొద్దున వెళ్లండి, వాతావరణం చూసుకుని వెళ్లినవాళ్లకీ ఊరికే వెళ్లినవాళ్లకీ అక్కడ చాలా తేడా ఉంటుంది. అట్లాంటిక్ సిటీ దగ్గర ఫోర్సైత్ రెఫ్యూజ్ అనే వన్యప్రాణి సంరక్షణ ప్రాంతంలో 8 మైళ్ల రోడ్డు ఉంది, కారులోంచే తీసుకోవచ్చు, నవంబర్‌కి మంచు బాతులు (స్నో గీస్) వేలల్లో దిగుతాయి.

ఆకులూ పక్షులూ రెండూ కావాలంటే పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్. ఒకప్పుడు ఆ కొండ మీద నిలబడి వలసపోయే డేగల్ని సరదాకి కాల్చేవాళ్లు, 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ పూనుకుని దాన్ని రక్షిత ప్రాంతం చేసింది. కొండ అంచున నిలబడితే డేగ మీకు సమానంగానో కిందనో ఎగురుతుంది, వెనకాల ఎర్రటి పసుపుపచ్చటి లోయ వస్తుంది, ఆకాశం మీద నల్లటి బొమ్మలా కాకుండా రెక్కల పైభాగం కనపడేలా తీసే అవకాశం చాలా తక్కువ చోట్ల ఉంటుంది.

కోరంగి మడ అడవికి ఏసీ కారులో వెళ్లి దిగగానే లెన్స్ అంతా ఆవిరి పట్టేసింది. ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. పెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, కాకినాడ

బియ్యం డబ్బా వద్దండీ, బియ్యప్పిండి దుమ్ము రింగుల్లోకి పోతుంది. కలరా ఉండలూ వద్దు, ఆ ఆవిరి అద్దాల పూతకి మంచిది కాదు. ఆవిరి పట్టకుండా ఉండాలంటే ఊరు దగ్గరపడగానే ఏసీ ఆపి కిటికీలు దించేయండి, కెమెరాని బ్యాగులోంచి వెంటనే తీయకుండా ఓ అరగంట బ్యాగులోనే బయటి వేడికి అలవాటు పడనివ్వండి. పట్టేస్తే గుడ్డతో రుద్దకండి, లెన్స్ విప్పకండి, దానంతటదే పోతుంది.

ఇంట్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఓ చిన్న తేమ మీటర్, ఇంతే కావాల్సింది. తేమ 40 నుంచి 50 శాతం మధ్యలో ఉండాలి. సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు కేసులో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేసిన లెన్స్‌కే కోస్తాలో ఎక్కువగా ఫంగస్ పడుతుంది. ఒకవేళ ఇప్పటికే పోగులు కనిపిస్తుంటే ఆ లెన్స్‌ని మిగతావాటితో కలిపి పెట్టకుండా విడిగా ఉంచి సర్వీసుకిచ్చేయండి, మొదట్లో అయితే తుడిస్తే పోతుంది, ముదిరితే అద్దం పూతనే తినేస్తుంది.